మళ్ళీ పొయ్యెక్కిన రాచిప్ప

మొన్న ఒక మిత్రుడి కొత్త ఇల్లు చూడ్డానికి వెళ్ళాను. ముందుగదిలో సోఫా పక్కన, గాజుబల్ల మీద ఒక రాచిప్ప కూర్చుని ఉంది. ఈ కాలపు పిల్లలకు తెలియకపోవచ్చు గనక చెబుతున్నాను: రాచిప్ప అంటే మెత్తటి బలపపు రాయిని తొలిచి చేసిన వంటపాత్ర. అందులో మిత్రుడి భార్య ప్లాస్టిక్ గులాబీలు గుచ్చింది. నేను ఆ గులాబీలను పక్కకు తోసి, పాత్రలోకి ముక్కు దూర్చి, గుండెల నిండా ఒక పీల్పు పీల్చాను. నా ముక్కు సామాన్యమైన ముక్కు కాదు. ముందు అది పుట్టి, తర్వాత దాని వెనకాల నేను పుట్టానని మా ఇంట్లో అనేవాళ్ళు. అది ఆ రాతిలో ఎక్కడ ఇరుక్కుపోతుందోనని ఇంటాయన కాఫీ కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

పాత్రలో దుమ్ము వాసన తప్ప మరేమీ లేదు. కానీ నా ముక్కు దుమ్ముతో తృప్తిపడే రకం కాదు. అది ఆ దుమ్మును తవ్వుకుంటూ తవ్వుకుంటూ వెనక్కి వెళ్ళి, ఆముదం, గంజి, బెల్లం, మాగిన పీచుమామిడి దగ్గర ఆగింది. చూస్తే నేను పుంగనూరులో, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మా అవ్వ వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాను.

ఆ వంటిల్లు ఎంత పెద్దదంటే, ఒకసారి మా ఆవు అందులో దూరి తప్పిపోతే పాలు పితికే వేళకు గానీ దొరకలేదు. మా ఊరి ఆవులు మేకపిల్లంతే ఉంటాయి గదా అని గిట్టనివాళ్ళు అంటారు. ఆ మాట ఇక్కడ అనవసరం. ఆ వంటింటికి మహారాణి మా అవ్వ. మనిషి చూడ్డానికి ఇంతే ఉండేది. కొప్పు విప్పి బియ్యం డబ్బా వెనక నిలబడితే కనబడేది కాదు. గొంతు మాత్రం దేవుడు ఇంకెవరికో చేసి పొరపాటున ఈమెకు బిగించాడు. ఆమె పెరట్లో పిల్లిని అదిలిస్తే పలమనేరు రోడ్డు మీద ఎద్దులు ఆగిపోయేవి.

పండ్ల విషయంలో అవ్వకు ఒక సిద్ధాంతం ఉండేది. పండును పచ్చిగా పశువులూ పిల్లకాయలూ తింటారు, మనుషులైనవాళ్ళు వండుకుని తింటారు. ఆ సిద్ధాంతం ప్రకారం మా ఇంట్లో పొయ్యి ఎక్కని పండు లేదు. మామిడికాయ పప్పులో పడేది. పనసపండు తిన్నాక గింజలు వంకాయతో కలిసి కూరయ్యేవి. అరటిపండ్లు కొబ్బరిపాలలో, బెల్లంలో ఈదేవి. వెలగపండును నిప్పుల్లో కాల్చి, పగలగొట్టి, మిరపకాయలతో నూరితే ఆ ఘాటుకు పక్కింటివాళ్ళు తుమ్మేవాళ్ళు. నేరేడుపండ్లు మాత్రం పొయ్యికి లొంగలేదు. వాటిని ఉప్పు చల్లి, గిన్నె మీద గిన్నె బోర్లించి, ఏదో పగ ఉన్నట్టు కుదిపేది. అవి బయటికి వచ్చేసరికి మెత్తబడి, బుద్ధి తెచ్చుకుని ఉండేవి.

వీటన్నిటికీ రాజు పండ్ల పులుసు. దానికి మల్గోవాలూ బేనీషాలూ పనికిరావు. మా తాత తోటలో ఒక మూల, ఎవరూ నాటకుండా వాటంతటవే మొలిచిన నాటుమామిడి చెట్లు ఉండేవి. వాటి పండ్లు పిడికిలంత ఉండి, లోపల కండ కంటే పీచు ఎక్కువ. ఒక పండు తింటే పళ్ళలో ఇరుక్కున్న పీచుతో చిన్న తాడు పేనుకోవచ్చు. ఆ పండ్ల తొక్క తీసి, పిసికి, టెంకెతో సహా చింతపండు నీళ్ళలో వేసి, బెల్లమూ కారమూ కలిపి, కొబ్బరీ ఆవాలూ నూరిన ముద్ద వేసి ఉడికించాలి. పైన ఇంగువ పోపు. అన్నంలో పోసుకుంటే ముద్ద ముద్దకూ తీపి ముందు పలకరిస్తుంది, పులుపు వెనకనుంచి వచ్చి దాన్ని తోసేస్తుంది, ఇద్దరూ కొట్టుకుంటుండగా కారం వచ్చి తీర్పు చెబుతుంది. పిల్లలకు టెంకెలు వచ్చేవి. ఎవరి టెంకె తెల్లగా పాలిపోయే దాకా చీకితే వాళ్ళు గెలిచినట్టు. నేను చీకిన టెంకెను ఒకసారి మా అక్క గుడ్డేమోనని కోడి కింద పెట్టింది. కోడి కూడా కూర్చుంది.

పండ్లు మాగేసే గది వంటింటికి ఆనుకునే ఉండేది. వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, పైన మళ్ళీ గడ్డి కప్పేవాళ్ళు. ఆ గదిలోంచి వచ్చే వాసన పిల్లల్ని చొక్కా పట్టి లోపలికి లాగేది, మేం ఏం చేస్తాం. అవ్వ సాయంత్రం మా అందరినీ వరసగా నిలబెట్టి నోళ్ళు తెరవమని వాసన చూసేది. దానికి మందుగా మేం పచ్చి ఉల్లిపాయలు నమిలేవాళ్ళం. అప్పుడు ఉల్లిపాయలు దొంగిలించినందుకు తన్నులు పడేవి. తన్నులెలాగూ తప్పనప్పుడు మామిడిపండుకే తినడం మేలని మా అక్క తేల్చింది.

మా ఇంట్లో కొత్తకోడలికి పొయ్యి అప్పజెప్పడానికి ఒక పద్ధతి ఉండేది. పెళ్ళయి వచ్చిన పిల్ల కూరలు తరగొచ్చు, రుబ్బొచ్చు, కడగొచ్చు, నీళ్ళు మోయొచ్చు. పొయ్యి మీద గిన్నె పెట్టడానికి మాత్రం వీల్లేదు. తోటనుంచి తొలి నాటుపండ్లు దిగిన రోజున ఆమె ఒక్కతే పండ్ల పులుసు చెయ్యాలి. దేవుడికి చూపించాక పెద్దలు తిని, బాగుందంటే అవ్వ తన ఇత్తడి గరిటె ఆమె చేతిలో పెడుతుంది. ఆనాటినుంచి ఇంట్లో ఏం వండాలో చెప్పే నోరు ఆమెకూ ఉంటుంది. బాగాలేదంటే మళ్ళీ నాటుపండ్లు మాగే దాకా రుబ్బురోలే గతి. దేవుడికి చూపించకముందు ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు. ఉప్పు చాలిందో లేదో వాసన చెప్పాలి, ఉడికిందో లేదో కన్ను చెప్పాలి.

మా అమ్మ మొదటి ఏడు తప్పింది. చింతపండు ఎక్కువైందట. ఆ పులుపుకు ముడుచుకున్న మా తాత ముఖం వానాకాలం వచ్చి తడిస్తే గానీ విప్పుకోలేదని మా నాన్న చెప్పేవాడు. ఆ ఏడాదంతా రుబ్బి రుబ్బి మా అమ్మ కుడిచెయ్యి ఎడమచేతికి అన్నలాగా తయారైంది.

ఇక మా చిన్నమ్మ, అంటే మా చిన్నాయన భార్య, కుప్పం పిల్ల. పెళ్ళయ్యాక వాళ్ళు వెంకటగిరికోట మీదుగా, పలమనేరు మీదుగా బస్సుల్లో వచ్చారు. సామానంతా బస్సు మీద వేశారు గానీ, ఆమె ఒళ్ళో మాత్రం పాతచీరలో చుట్టిన ఒక మూట ఉంది. దాన్ని దారి పొడుగునా దించలేదు. మా వీధిలో దిగి, ఆ మూటను రొమ్ముకు హత్తుకుని గడప దగ్గర నిలబడేసరికి, హారతి పళ్ళెం పట్టుకున్న అవ్వ కొయ్యబారిపోయింది. కొత్తకోడలు బిడ్డనెత్తుకుని వచ్చిందని వీధి ఆ చివరి దాకా వార్త పాకింది. మా చిన్నాయన గబగబా చీర విప్పి చూపించాడు. రాచిప్ప.

అది వాళ్ళమ్మది. సేలం నుంచి బండి మీద వచ్చినప్పుడు కొని, ఆముదమూ పసుపూ పట్టించి, రోజూ వేడి గంజి పోసి, నిప్పుకు అలవాటు చేసిందట. లేకపోతే కొత్త రాయి పొయ్యి మీద పెట్టగానే పగులుతుంది. ఆ తల్లి చనిపోయాక చిన్నమ్మ పొయ్యి అందని వయసులోనే పీట మీద నిలబడి అందులో నాన్నకు వండిపెట్టింది. వంట ఆమెకు పని కాదు, ఉండే చోటు. అలాంటి పిల్లను తెచ్చి మా ఇంట్లో రుబ్బురోలు ముందు కూర్చోబెట్టారు. రాచిప్పను అవ్వ అటక కింద పెట్టించి, అందులో ఎండుమిరపకాయలు పోసింది.

చిన్నమ్మ ఎవరితోనూ ఏమీ అనేది కాదు. ఒక మధ్యాహ్నం మాత్రం మా అమ్మ జడ వేస్తుంటే అంది. "అక్కా, మీరందరూ బాగానే సూసుకుంటాండారు. అయినా నేను ఈడ సుట్టం మాదిరే ఉండాను. పొయ్యి కాడ కూసుంటే గదా ఇది నా ఇల్లని నాకు తెలిసేది."

మా అమ్మ ఆ జడను చాలా గట్టిగా వేసింది. చిన్నమ్మ కనుబొమ్మలు రెండు రోజులు పైకే ఉన్నాయి.

నాటుపండ్లు రంగు తిరిగే వేళకు ఒక చిక్కు వచ్చింది. పులుసు చేసే ఇత్తడి బోగిణి ఒకటి ఉండేది. అందులో మా అక్కనూ నన్నూ కూర్చోబెట్టి స్నానం చేయించవచ్చు. ఇత్తడిలో పులుపు వండాలంటే లోపల కళాయి ఉండాలి, లేకపోతే కిలుము పట్టి విషమవుతుంది. ఏటా పండ్లకు ముందు కళాయి పూసే ముసలాయన వచ్చి వీధిలో కొలిమి పెట్టేవాడు. ఆ ఏడు కొలిమి లేకుండా ఉత్త చేతులతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"తగరం యాడుండాదమ్మా. అంతా యుద్ధానికి పొయ్యింది" అన్నాడు.

ఎక్కడో సముద్రాల అవతల కొట్టుకునేవాళ్ళకు మా బోగిణిలో పూసే తగరంతో ఏం పనో అవ్వకు అర్థం కాలేదు. ఆ రాజులనూ దొరలనూ పేరుపేరునా కాకుండా మొత్తంగా కలిపి తిట్టింది. ఆ తిట్లకే యుద్ధం త్వరగా ముగిసిందని నా నమ్మకం. తిట్టడం అయ్యాక బోగిణిని చింతపండుతో తోమి, తలకిందులుగా అటక మీద పెట్టించింది. ఆ తర్వాత చాలాసేపు ఆలోచించి, మిరపకాయలు పోసిన రాచిప్ప వైపు చూడకుండానే దాని వైపు చెయ్యి చూపించింది. రాయిలో వండితే రాయి రుచే వస్తుందనీ, తన కాలంలో రాళ్ళను నూరేదానికి వాడేవాళ్ళే గానీ ఉడకబెట్టేవాళ్ళు కాదనీ గొణిగింది. చిన్నమ్మ ఆ గొణుగుడు అయ్యే దాకా కూడా ఆగలేదు. మిరపకాయలు చేటలోకి గుమ్మరించి, రాచిప్పను బావి దగ్గరికి ఎత్తుకుపోయింది.

తొలి పండ్ల రోజున తీర్పరిగా మదనపల్లె నుంచి మా అత్త రావాలి. ఆమె మా తాతకు ఒక్కతే కూతురు. మామకు అక్కడ తాలూకా కచేరీలో ఉద్యోగం. మిషను ఆసుపత్రి దొరసాని ఒకామె వాళ్ళ వీధిలోనే ఉండేది. ఆ దొరసాని తుమ్మినా దగ్గినా మా అత్త దానిలో నాగరికత గమనించి, మా ఇంటికి వచ్చినప్పుడు మాకు నేర్పేది. ఆమె నాలుకంటే ఇంటిల్లిపాదికీ దడ. మా అమ్మ పులుసును మొదటి ఏడు ఓడించిన నాలుక అదే.

ఆ రోజు పొద్దున్నే పిల్లలందరం పండ్లు పిసికాం. మోచేతుల దాకా రసం కారి, ఈగలు మమ్మల్నే పండ్లనుకున్నాయి. చిన్నమ్మ తలంటుకుని, కొంగు బిగించి, పొయ్యి ముందు కూర్చుంది. సన్న సెగ మీద రాచిప్ప పెట్టింది. అవ్వ గుమ్మంలో కూర్చుని చూస్తోంది. సెగ ఇంత సన్నగా ఉంటే పులుసు ఎప్పుడు ఉడికేనని అవ్వ మెడలోని నరం ఎగిరెగిరి పడుతోంది గానీ నోరు మెదపకూడదు. కోడలు వండే పూట అత్తగారు మాట్లాడకూడదన్నది కూడా పద్ధతే. అవ్వ అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఆ ఇంటి చరిత్రలో అదే మొదలు. గోడ మీద బల్లులు కూడా అనుమానంగా చూశాయి.

పులుసు పొంగి, ఇంకా నీళ్ళగానే ఉండగా, పండ్లు గట్టిగానే ఉండగా, చిన్నమ్మ రాచిప్పను దించేసింది. పళ్ళెం మూత పెట్టి, వడ్డించేముందు ముఖం కడుక్కుని పూలు పెట్టుకోవడానికి బావి దగ్గరికి వెళ్ళింది.

ఆమె చేసింది సరైన పని. రాయి వేడెక్కడానికి ఎంత బద్ధకమో, చల్లారడానికి అంతకంటే బద్ధకం. దించిన తర్వాత కూడా చాలాసేపు దాని కడుపులో పులుసు ఉడుకుతూనే ఉంటుంది. సగం ఉడికినప్పుడే దించితే మిగతా సగం అదే చూసుకుంటుంది. కుప్పంలో పాకే పిల్లకు కూడా తెలిసిన సంగతి కాబట్టి చిన్నమ్మ ఎవరికీ చెప్పలేదు. బతుకంతా ఇత్తడిలో వండిన మా అవ్వకు మాత్రం తెలియదు. ఇత్తడి గిన్నె దించిన మరుక్షణం మంట సంగతే మరిచిపోతుంది.

అవ్వ లేచి మూత తీసింది. రుచి చూడ్డానికి లేదు, కన్నే చెప్పాలి. కన్ను ఏం చెప్పిందో ఆమె ముఖంలో కనబడింది. మా అమ్మను పిలిచి చాలా మెల్లగా, అంటే వీధిలోకి మాత్రమే వినబడేలా అంది.

"సూడమ్మా, పండ్లు రాళ్ళ మాదిరి ఉండాయి. భయపడి దించేసినట్టుండాది ఆ పిల్ల. తల్లి లేని బిడ్డ. ఇది ఇట్లే వడ్డిస్తే నా కూతురు ఊరుకుంటాదా?"

మా అమ్మకు రాయి సంగతి తెలియదు, తెలిసినా అవ్వకు చెప్పే ధైర్యం లేదు. ఇంతకాలం చిన్నమ్మను రుబ్బురోలు దగ్గరే ఉంచిన అవ్వ, చీర కొంగుతో రాచిప్పను పట్టుకుని, చెయ్యి చురుక్కుమన్నా వదలకుండా, మళ్ళీ పొయ్యి మీదికి ఎక్కించింది. అంతటితో ఆగకుండా ఇంకో రెండు చింతమొద్దులు లోపలికి తోసింది. కాస్త ఉడికాక దించేసి, ఏమీ ఎరగనట్టు గుమ్మంలో కూర్చోవాలని ఆమె ఆలోచన.

సరిగ్గా అప్పుడు వీధిలో అత్త వచ్చిందన్న కేక వినబడింది. అది బొగ్గు బస్సుల కాలం. పెట్రోలు కూడా యుద్ధానికే పోయింది గనక, బస్సు వెనకాల బొగ్గుల పొయ్యి ఒకటి తగిలించి, అందులోంచి వచ్చే గ్యాసుతో నడిపేవాళ్ళు. ఎక్కడ ఎత్తు వచ్చినా జనం దిగి తోయాలి. మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సు మనిషిని మోసిన దూరం తక్కువ, మనిషి బస్సును మోసిన దూరం ఎక్కువ. మా అత్త తోయలేదట గానీ పక్కన నడుస్తూ ఎలా తోయాలో అందరికీ చెప్పిందట. ముఖం నిండా మసి. కళ్ళూ పళ్ళూ తప్ప కనబడడం లేదు. ఆమెను గుర్తుపట్టి, ఏడ్చి, నవ్వి, నీళ్ళిచ్చి, మసి కడిగి, కడిగిన కొద్దీ కొత్తగా వచ్చే మసిని మళ్ళీ కడిగే సరికి, ఇంట్లో ఒకరికీ వంటింటి ఊసు లేదు.

ముందు నా ముక్కు లేచింది. తర్వాత నేను లేచాను. బెల్లం పాకం వాసన. అవ్వ కూడా అప్పుడే లేచింది. మేం వెళ్ళేసరికి చిన్నమ్మ బావినుంచి వచ్చి, తడి ముఖంతో, తలలో పూలతో, పొయ్యి ముందు నిలబడి ఉంది. రాచిప్పలో పులుసు లేదు. నీరంతా ఇంకిపోయి, పండ్లు కరిగి, ఎర్రని చిక్కటి ముద్ద ఒకటి గుబుక్కు గుబుక్కుమంటూ బుడగలు వదులుతోంది. తెల్లగా టెంకెలు తేలుతున్నాయి. చిన్నమ్మ దాన్ని చూసింది. పొయ్యిలో మొద్దులు చూసింది. ఎర్రగా కందిన అవ్వ అరచెయ్యి చూసింది. ఆమెకు అంతా తెలిసిపోయింది. అవ్వ గోడకున్న చేటను చాలా శ్రద్ధగా పరిశీలిస్తోంది.

చిన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె రాచిప్పను దించి, ఇంకొక బెల్లం గడ్డ చిదిపి వేసి, పోపు పెట్టి, మా అమ్మను ఒక్కటే అడిగింది. "అక్కా, సంగటి ఉండాదా?"

ఉంది. తోటలో పనివాళ్ళకు పంపడానికి పెద్ద కుండ నిండా రాగిసంగటి చేసి ఉంది. కానీ ఆ రోజు అత్త కోసం, ఎక్కడెక్కడో వెతికి తెచ్చిన తెల్లటి సన్నబియ్యం అన్నం వండి పెట్టారు. మదనపల్లె నుంచి వచ్చిన ఆడపడుచు ఆకులో తొలి పండ్ల రోజున సంగటి పెట్టడమంటే ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. మా అమ్మ సంగటి కుండ ముందుకు జరిపింది.

దేవుడికి చూపించారు. ఆయన ఏమీ అనలేదు. ఆకులు వేశారు. అత్తా, తాతా, అవ్వా కూర్చున్నారు. చిన్నమ్మ ఒక్కొక్కరి ఆకులో సంగటి ముద్ద పెట్టి, నడుమ వేలితో గుంట చేసి, ఆ గుంటలో కొబ్బరిచిప్ప గరిటెతో ఎర్రటి ముద్ద వేసి, పైన నెయ్యి పోసింది. పోసి పక్కకు నిలబడింది. ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. ఆ వేలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, ఇంకొక ఏడాది సుట్టంలాగా ఉండడం ఆమె వల్ల కాదని.

అత్త సంగటిని చూసింది. తర్వాత గుంటలోకి చూసింది, బావిలోకి చూసినట్టు.

"ఏమమ్మా, పులుసు యాడ?" అంది.

చిన్నమ్మ తల వంచుకుంది. ఒక్క మాట చెబితే తప్పు ఆమెది కాకుండా పోతుంది. ఆ మాట చెబితే అత్తగారిని అందరి ముందూ నిలబెట్టినట్టవుతుంది. చెప్పలేదు.

"పొయ్యి మీద పెట్టి నిద్రపొయ్యినట్టుండావే" అంది అత్త. అంటూ మా తాత వైపు తిరిగి, పిల్ల చిన్నది, తొందరేముంది, వచ్చే పండ్లకు చూద్దాంలే అన్నట్టు ఏదో మొదలుపెట్టింది.

అవ్వ ముద్ద కలుపుతున్నది ఆగింది. కందిన చెయ్యి అందరికీ కనబడేలా ఆకు పక్కన వెల్లకిలా పెట్టింది.

"దించింది ఆ పిల్ల. మళ్ళా ఎక్కిచ్చింది నేను. రాతిసట్టి సంగతి దానికి తెలుసు, నాకు తెలీదు. రుబ్బురోలు కాడ ఇంకో ఏడాది ఎవురన్నా కూసోవాలంటే నేనే కూసుంటా. దాన్నొదిలిపెట్టండి."

ఆ గొంతులో పలమనేరు లేదు, పక్కగది కూడా లేదు. ఆమె అంత మెల్లగా మాట్లాడగలదని మాకెవరికీ తెలియదు. చిన్నమ్మ తల ఎత్తి అవ్వను చూసింది.

ఈ లోపల మా తాత ఎవరి మాటా వినకుండా తింటున్నాడు. మా తాత వంటను ఎన్నడూ మెచ్చుకోలేదు. బాగాలేకపోతే వానల గురించి మాట్లాడేవాడు. బాగుంటే ఏమీ మాట్లాడడు గానీ ఆయన చెవులు కదిలేవి. పెద్ద చెవులు. ఆ పూట ఆ చెవులు కదలడం కాదు, రెక్కలాడించాయి. దేవుడి ముందున్న దీపం రెపరెపలాడిందని మా అక్క ఈనాటికీ ఒట్టేసి చెబుతుంది. ఆయన ముద్ద అయిపోగానే ఆకు వైపు వేలు చూపించాడు. అంటే ఇంకొకటి.

అది చూసి మా అత్త కూడా చిటికెన వేలితో కాస్త తీసి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. సంగటి ఆకులో చప్పగా, వేడిగా, గట్టిగా ఉంటే, ఆ చిక్కటి తీపీ పులుపూ కారమూ దాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. పలచటి పులుసైతే సంగటి మీదనుంచి జారిపోయేది. ఇది జారదు. కళ్ళు తెరిచి ఆమె తీర్పు చెప్పింది. ఇలాంటిదే దొరసాని సీసాల్లో పెట్టుకుంటుందట, రొట్టెకు పూసుకుంటుందట, దాన్ని జాము అంటారట. అయితే దొరసానికి ఇంగువ వేసే తెలివి లేదట. అది విని చిన్నమ్మకు మొదటిసారి మాట వచ్చింది. దీన్ని తమ వైపు గొజ్జు అంటారని అంది. అవ్వ ఎడమచేత్తో ఇత్తడి గరిటె తీసి ఆమె చేతిలో పెట్టింది. తన కుడిచెయ్యి ఎంగిలయిందని ఆమె అంది గానీ, అసలు కారణం మంట.

మాకు వచ్చిన టెంకెల్లో ఆ రోజు చీకడానికి ఏమీ మిగల్లేదు, అంతా ముద్దలోకే దిగిపోయింది. మేం రాచిప్పను చీకాం. ఎంత చీకామంటే దాన్ని కడగాల్సిన అవసరం రాలేదు. మరుసటి రోజు కూడా అందులో ఏదో మిగిలినట్టనిపించి మళ్ళీ వెళ్ళి చూశాం.

మా అమ్మ అవ్వకు ఎదురు చెప్పేది కాదు గనక, ఆ తర్వాత మా ఇంట్లో పొయ్యికి ఇద్దరు యజమానులు, అవ్వా చిన్నమ్మా. ఇద్దరూ తగాదా పడినట్టు నాకు గుర్తు లేదు. అంటే, ఉప్పు గురించీ, కొబ్బరి గురించీ, పోపులో మెంతుల గురించీ రోజూ పడేవాళ్ళు. కుప్పం వంట అని ఒకరూ, పుంగనూరు వంట అని ఒకరూ గరిటెలు ఎత్తుకునేవాళ్ళు. అది తగాదా కింద రాదు. యుద్ధం అయిపోయింది, తగరం వచ్చింది, బోగిణికి కళాయి పడింది. అయినా తొలి పండ్లు రాచిప్పలోనే.

ఏటా ఒకటే వరస. చిన్నమ్మ సన్న సెగ మీద ఉడికించి, సగంలో దించి, మూత పెట్టి, "బావి కాడికి పొయ్యొస్తా" అని ఎవరితోనో చెప్పినట్టు చెప్పి వెళ్ళేది. బావి పెరట్లోనే ఉంది. కానీ ఆమె కాశీకి వెళ్ళినంతసేపు వెళ్ళేది. అవ్వ లేచి రాచిప్పను మళ్ళీ పొయ్యెక్కించి, మొద్దులు తోసి కూర్చునేది. చిన్నమ్మ వచ్చి గొజ్జు దించి, పోపు పెట్టేది. ఇది ఇలా జరుగుతుందని ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోగా మేం వినలేదు. అవ్వకు బలం తగ్గాక చిన్నమ్మ రాచిప్పను నేల మీద కాకుండా పొయ్యి గట్టు మీదికి దించడం మొదలుపెట్టింది. ఏడాదికేడాది అది మంటకు దగ్గరగా జరుగుతూ వచ్చింది. చివరి ఏళ్ళలో అవ్వ ఎత్తాల్సిన పని లేదు, రెండు చేతులతో తోస్తే చాలు. తోసి, ఏదో కొండను కదిపినట్టు ఊపిరి పీల్చుకునేది.

అవ్వ పోయిన తర్వాత వచ్చిన పండ్లకు నేను సెలవుల్లో ఇంటికి వెళ్ళాను. చిన్నమ్మ రాచిప్పను అలవాటుగా గట్టు మీదికి దించింది. అలవాటుగానే బావి కాడికి పొయ్యొస్తానంది. అన్న తర్వాత ఒక్క క్షణం నిలబడి, వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది.

రాచిప్ప పొయ్యి మీద గుబుక్కు గుబుక్కుమంటోంది. మా అమ్మ చెమటలు తుడుచుకుంటూ పక్కన సంగటి గెలుకుతోంది.

"ఆకులెయ్యిపో, అయిపోయిండాది" అంది మా అమ్మ, తల ఎత్తకుండా.

ఆ ఏడు గొజ్జు కాస్త అడుగంటింది. ఎన్ని మొద్దులు తోయాలో, ఎప్పుడు ఆపాలో మా అమ్మకు ఇంకా పట్టుబడలేదు. ఇంటిల్లిపాదీ రెండోసారి పెట్టించుకున్నాం.